బుల్లెమ్మ రెండో గొంతు

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి బుల్లెమ్మ గొంతు పోయింది. పోవడం ఇది రెండోసారి.

మొదటిసారి పోయినప్పుడు దేవుడు తీసుకెళ్లాడనుకున్నారు. పదహారు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, నాలుక ఒక్క పూటలో పడిపోయాయి. ఈసారి మాత్రం దేవుడి ప్రమేయం ఏమీ లేదు. కోడలు సత్యవేణే తన చేత్తో లాప్‌టాప్‌లో అప్‌డేట్ బటన్ నొక్కింది. అది పావుగంటసేపు ఏవేవో దింపుకుని, ఆరిపోయి, మళ్లీ వెలిగింది. వెలిగాక అన్నీ ఉన్నాయి, వైర్‌లెస్ ఒక్కటే లేదు.

దిండ్లకు ఆనుకుని మంచం మీద కూర్చున్న బుల్లెమ్మ గొంతు దగ్గర కండరాలు గబగబా కదులుతున్నాయి. మెడకు కట్టిన పట్టీ మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది. పట్టీ పంపుతోంది. అందుకునేవాళ్లు లేరు.

"అమ్మ పలకట్లేదేంటి?" అంటూ నూకరాజు నోట్లో బ్రష్షుతోనే గదిలోకి వచ్చాడు.

"వైర్‌లెస్ పోయిందండి. చూస్తున్నాను."

"రేపు పదకొండింటికి డాక్టరమ్మ వ్యాన్ వేసుకుని వస్తుంటే ఇవాళ అప్‌డేట్ ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

"వస్తున్నారనే పెట్టాను. అన్నీ తాజాగా ఉంచమని వాళ్లే మెసేజ్ పంపారు. మీరు ముందు ఆ నురగ ఉమ్మేసి రండి, కీబోర్డు మీద పడుతుంది."

సత్యవేణి కంగారు పడే మనిషి కాదు. కాకినాడలో ఒక ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో పందొమ్మిదేళ్లుగా కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంటు. అక్కడి నలభై రెండు పాత కంప్యూటర్లూ లినక్స్ మీదే నడుస్తాయి. ఎవరైనా ఉచితంగా తీసుకుని, విప్పి చూసి, బాగుచేసుకోగల సిస్టమ్ అది. కొత్తగా వచ్చిన లెక్చరర్లు తలుపు దగ్గరే నిలబడి "మేడమ్, తెర నల్లబడిపోయింది" అని బెదిరిపోతే, ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వెళ్లి నాలుగు అక్షరాలు కొట్టి వస్తుంది.

పరిశోధనశాల వాళ్లు బుల్లెమ్మకు పట్టీ ఇవ్వడానికి ఒప్పుకున్నది కూడా ఈవిడ ఉందనే. విశాఖపట్నంలో ఆ శాల వాళ్లు తయారుచేసిన గొంతుపట్టీ ఒక వింత వస్తువు. నాలుక పడిపోయినా, మనిషి మాట్లాడాలనుకున్నప్పుడు మెడలోపలి కండరాలు ఆ మాట ఆకారంలోనే సన్నగా అదురుతాయట. పట్టీ ఆ అదురుల్ని పట్టుకుని గాలిలో లాప్‌టాప్‌కి పంపిస్తుంది. లాప్‌టాప్ వాటిని మాటలుగా మార్చి మనిషి సొంత గొంతుతో పలుకుతుంది. సొంత గొంతుకు బుల్లెమ్మ విషయంలో లోటు రాలేదు. ముప్పై ఎనిమిదేళ్లు ఆవిడ కాలేజీ రోడ్డులో మెస్ నడిపింది. "బుల్లెమ్మ నోట్లో తిట్టు, ఆకులో రొట్టు" అని కుర్రాళ్లు పాట కట్టుకున్నారు. రొట్టు అంటే మినప రొట్టె. ఆ తిట్లను సరదాకి ఫోన్లలో పట్టి దాచుకున్నవాళ్లు ఊరి నిండా ఉన్నారు. వాళ్ల దగ్గర ఏరి తెస్తే ఆరు గంటల గొంతు దొరికింది.

అయితే తిట్ల గొంతుతో పట్టీ పలికినవన్నీ తీపి మాటలే. పద్నాలుగు నెలలుగా ఆ ఇంట్లో "తిన్నావా అమ్మా?", "అలిసిపోయి ఉంటావు, కూర్చో", "నాకేం తక్కువ చెయ్యట్లేదు మీరు" అనే మాటలు తప్ప వినపడలేదు. చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషి మెత్తబడిందని చుట్టాలు అన్నారు. ఇరవై మూడేళ్లుగా ఆ నోటికి జడిసిన సత్యవేణి మొదట్లో నమ్మలేదు, తర్వాత అలవాటు పడింది, ఆ తర్వాత కాలేజీ నుంచి ఇంటికి రావడానికి తొందరపడటం మొదలుపెట్టింది.

ఒక్క చిక్కు మాత్రం ఉండేది. ఆవిడకు అప్పుడప్పుడు మతి తప్పినట్టు కోపం వచ్చేది. ఎడమచేత్తో మంచం పట్టె మీద బాదేది, పట్టీ పీకి అవతల పారేసేది. పక్షవాతం వచ్చినవాళ్లకు అది మామూలేనని వైద్యులు చెప్పారు.

సత్యవేణి లాప్‌టాప్‌ను ఒళ్లోకి తీసుకుంది. ఫోన్‌కు తీగ తగిలించి దాని ఇంటర్నెట్ అరువు తెచ్చుకుంది. తర్వాత లోపల ఏయే పరికరాలున్నాయో జాబితా అడిగింది. వైర్‌లెస్ కార్డు ఉంది. అంటే చావలేదు. దాన్ని నడిపే డ్రైవరే లేదు.

"డ్రైవర్ లేకపోవడమేంటి?" నూకరాజు మొహం తుడుచుకుంటూ కుర్చీ లాక్కున్నాడు. హార్బరులో లారీలు తూచే కాటా దగ్గర సూపర్‌వైజరు ఆయన. డ్రైవర్ లేని బండి అంటే ఆయనకు ఒళ్లు మండుతుంది.

"దుబాసీ అనుకోండి. ఆ కార్డు భాష సిస్టమ్‌కి రాదు, సిస్టమ్ భాష కార్డుకి రాదు. మధ్యన ఈ డ్రైవరు చెప్తుంది. ఇవాళ అప్‌డేట్‌లో సిస్టమ్ లోపలి ముఖ్యమైన ముక్క మారింది. పాత దుబాసీకి కొత్త దొర మాట అర్థం కాలేదు, మానేసింది."

"అయితే కొత్తవాణ్ని పెట్టు."

"తయారుచేస్తున్నాను. ఇది కొనుక్కొచ్చేది కాదు."

ఆ కార్డుకు డ్రైవరు రాసినవాళ్లు ఎవరో ఊరూపేరూ తెలియని స్వచ్ఛంద మనుషులు. రాసినదంతా అందరికీ కనపడేలా పెట్టారు. సత్యవేణి దాన్ని దింపుకుంది. కొత్త సిస్టమ్‌కి సరిపడేలా తయారవమంటే, సగంలో ఆగి ఎర్ర అక్షరాలతో తిట్టింది. ఆవిడ ఆ తిట్టు తాపీగా చదివింది. కావలసిన సరుకు ఒకటి తక్కువైంది, అదే చెబుతోంది. ఆ ముక్కా తెచ్చి పెట్టి మళ్లీ మొదలెట్టింది. ఈసారి ఎర్ర అక్షరాలు లేవు. తెర మీద వరసలు గడగడా పరిగెత్తాయి. మధ్యలో లేచి వెళ్లి అత్తగారికి రాగిజావ కలిపి, చల్లార్చి, చెంచాతో పట్టింది. బుల్లెమ్మ కళ్లు మాత్రం లాప్‌టాప్ మీదే ఉన్నాయి.

పదింపావుకి కార్డు దీపం వెలిగింది. సత్యవేణి చెంగుతో చెయ్యి తుడుచుకుని, "చెప్పండి అత్తయ్యా, ఏదైనా ఒక మాట" అంది.

బుల్లెమ్మ గొంతు అదిరింది. స్పీకరు పలికింది.

"ఒక మాటేంటే, పద్నాలుగు నెలల మాటలున్నాయి. ముందు ఆ ఫ్యాను కట్టెయ్. దీపావళి కాణ్నుంచీ చలికి చస్తున్నానని మొత్తుకుంటున్నాను. మొత్తుకున్నప్పుడల్లా ఇంకో నంబరు పెంచుతావు."

నూకరాజు స్పీకరు వైపూ తల్లి వైపూ చూశాడు.

"ఏరా, గుడ్లప్పగించి చూస్తావు? నువ్వైనా కట్టెయ్. కాటా దగ్గర కూర్చుని కూర్చుని లారీ అంత అయ్యావు, స్విచ్చి దాకా నడవలేవా?"

నూకరాజు లేచి స్విచ్చి ఆపాడు. తర్వాత పెళ్లాం చెవి దగ్గరకు వంగి మెల్లగా అన్నాడు. "పాడైపోయింది వేణీ."

సత్యవేణి కూడా అదే అనుకుంది. యంత్రాలు తమకు జరిగిందంతా ఒక చోట రాసుకుంటాయి. పట్టీ ప్రోగ్రాం రాసుకున్న చిట్టా తెరిచి చూసింది. ప్రతి వాక్యానికీ పక్కన రెండు అంకెలున్నాయి. పట్టీ నుంచి వచ్చి చేరిన ముక్కలు నూటికి ఎన్ని, చేరక ప్రోగ్రాం తనే పూరించినవి ఎన్ని. ఇవాళ్టి వాక్యాల పక్కన తొంభై ఏడు, మూడు. నిన్నటివి చూసింది. ముప్పై ఎనిమిది, అరవై రెండు. మొన్న ముప్పై ఒకటి, అరవై తొమ్మిది. వెనక్కి వెళ్లిన కొద్దీ అవే అంకెలు, పద్నాలుగు నెలల పొడవునా.

పాడైంది ఇవాళ కాదు. ఇవాళ బాగైంది.

ఎందుకు బాగైందో తెలుసుకోవడానికి ఆవిడకు మరో పది నిమిషాలు పట్టింది. కాలేజీ ల్యాబులో యూపీఎస్ ముసలిది. కరెంటు పోతే ఎనిమిది నిమిషాలకు మించి మొయ్యలేదు. అందుకని ఏ కంప్యూటర్ వచ్చినా సత్యవేణి మొదట చేసే పని, కరెంటు పొదుపు చెయ్యమని ఒక వరస ఆదేశం దానిలో రాసి పెట్టడం. ఆ వరస ఉంటే వైర్‌లెస్ కార్డు ఖాళీ దొరికినప్పుడల్లా కునుకు తీస్తుంది. సినిమాలు చూసుకునేవాళ్లకు ఆ కునుకు తెలియదు. అలవాటుకొద్దీ పట్టీ వచ్చిన మొదటి రోజే ఈ లాప్‌టాప్‌లోనూ ఆ వరస రాసేసింది. బుల్లెమ్మ మాటకూ మాటకూ మధ్య ఊపిరి పీల్చుకునేసరికి కార్డు కన్ను మూసేది, తర్వాతి మాట వచ్చేసరికి లేచేది కాదు. పోయిన ముక్కల్ని ప్రోగ్రాం పూరించేది. ఇవాళ కొత్త డ్రైవరు ఆ పాత వరసను చదవలేదు, కనక కార్డు మెలకువగా ఉంది.

దేనితో పూరించేది? ఆ ప్రశ్నకు జవాబు వెతకక్కర్లేకపోయింది.

పట్టీ ఇచ్చేముందు శాల వాళ్లు మూడు వందల గీతలున్న ఒక పుస్తకం ఇచ్చారు. ఈ మనిషి ఇంట్లో మామూలుగా ఏం మాట్లాడుతుందో ఉన్నదున్నట్టు రాయమన్నారు, మాట అందనప్పుడు ప్రోగ్రాం ఆ ధోరణిలో సర్దుకుంటుందని. సత్యవేణి వంటింటి గట్టు దగ్గర కూర్చుని మొదటి గీత మీద "చచ్చినోడా" అని రాసి, కొట్టేసింది. డాక్టర్లు చదువుతారు. పై ఊరి వాళ్లు చదువుతారు. ఇంటి గుట్టు పదిమందిలో పెడతామా? మంచి అత్తగారు ఎలా మాట్లాడుతుందో అలా మూడు వందల వాక్యాలు రాసింది. ఎన్నడూ విననివి, వినాలనుకున్నవి. నూకరాజు కూడా తొంగిచూసి, "బావుంది, ఇలాగే రాయి" అన్నాడు.

అంటే ఈ పద్నాలుగు నెలలూ ఆవిడ ఇంటికి తొందరపడి వచ్చింది తన మాటలు తాను వినడానికే.

నూకరాజుకు ఇదంతా చెప్పింది.

"పాతది మళ్లీ పెట్టగలవా?" అన్నాడు ఆయన.

"ఒక్క వరస రాస్తే చాలు. నిమిషం పని."

"పెట్టెయ్."

"ఏంటండీ మీరనేది?"

"యాభై ఒక్క ఏళ్లు నాకు. యాభై ఏళ్లు ఆ నోట పడ్డాను. మా అమ్మ నాతో ప్రేమగా మాట్లాడింది ఈ ఏడాదే వేణీ. అది మిషన్ మాటో, నీ మాటో, ఎవరి మాటో. నాకు బావుంది."

మంచం మీంచి స్పీకరు అందుకుంది. "గుసగుసలెందుకురా? కాలు పడింది గానీ చెవులు పడలేదు."

సత్యవేణి లాప్‌టాప్ పట్టుకుని అత్తగారి మంచం మీదే కూర్చుంది. ముందు లెక్క తేలాలి, తీర్పు తర్వాత. "అత్తయ్యా, ఇప్పుడు ఏదైనా ఒక్క సంగతి రెండుసార్లు చెప్పండి. నేను మధ్యలో ఒకటి మారుస్తాను" అంది. కొత్త డ్రైవరు చదివేలా పొదుపు వరస పెట్టింది. బుల్లెమ్మ గొంతు అదిరింది.

"నాకేం తొందర లేదమ్మా, నువ్వు తిన్నాకే పెట్టు" అంది స్పీకరు.

వరస తీసేసింది. మళ్లీ అదిరింది.

"ఆ జావలో ఉప్పు లేదు, మజ్జిగ లేదు, కుడితి నయం. నువ్వు తిను ముందు, తెలుస్తుంది" అంది స్పీకరు.

నూకరాజుకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

సత్యవేణి నవ్వలేదు. ఆవిడకు వేరే రోజు గుర్తొచ్చింది. కిందటి ఆషాఢంలో తన తల్లి పోయింది. పదకొండో రోజు అయ్యాక ఇంటికి వచ్చి, ఇంకా చీరైనా మార్చుకోకుండా పొయ్యి ముట్టించబోతుంటే ఈ మంచం మీంచి, "ధైర్యంగా ఉండమ్మా, నేనున్నాను కదా" అని వినపడింది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ నెల గడిపింది. అది కూడా పుస్తకంలో నూట పదో గీతో, నూట ఇరవయ్యో గీతో అయి ఉంటుంది.

అడగకపోతే బాగుండునేమో. కానీ అడిగింది. "అత్తయ్యా, మా అమ్మ పోయి నేను తిరిగొచ్చిన రోజు మీరు నాతో ఏదో అన్నారు. ఏమన్నారో గుర్తుందా?"

బుల్లెమ్మ కోడలి మొహం వైపు చూసింది.

"పొయ్యి ఆర్పమన్నాను. ఒక పూట అన్నం లేకపోతే ఎవరూ చావరు, పోయి ఆ గదిలో తలుపేసుకుని ఏడవ్వే మొద్దూ అన్నాను. మూడుసార్లు అన్నాను. నువ్వు నా వైపు తిరిగి దణ్ణం పెట్టి, కూర తరగడం మొదలెట్టావు. అప్పుడు పట్టీ పీకి నీ మీదకి విసిరాను."

అవును, విసిరింది. ఆ రోజు పట్టీ వచ్చి కత్తిపీట పక్కన పడింది. పాపం, మతి స్థిమితం లేదనుకుంటూ సత్యవేణే దాన్ని తుడిచి మళ్లీ ఆవిడ మెడకు కట్టింది.

సత్యవేణి లేచి అవతలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అరగంటకు బయటికి వచ్చింది. మొహం కడుక్కుని, లాప్‌టాప్‌లో ఆ పొదుపు వరస ఉన్న ఫైలునే చెరిపేసింది.

"ఇక పెట్టేది లేదండి" అంది మొగుడితో.

ఆయన వాదించలేదు. ఆయన మనసు అప్పటికే మరో చోట ఉంది. "వేణీ, కిందటి నెల ఒప్పుదల పత్రం..." అన్నాడు.

రేపు వ్యాన్ వచ్చేది దాని కోసమే. పరిశోధన రెండో దశలో పట్టీ ఉండదు. అందులోని తీగల్ని మెడ చర్మం కింద శాశ్వతంగా పెట్టి కుట్టేస్తారు. పట్టీ తీసుకున్న ఇరవై తొమ్మిది మందిలో మొదట ఒప్పుకున్నది బుల్లెమ్మే. కెమెరా ముందు ఎంత చక్కగా చెప్పింది! "నాలాంటి పదిమందికి మేలు జరుగుతుందంటే అంతకంటే ఏం కావాలమ్మా, మీ ఇష్టం వచ్చినట్టు చెయ్యండి." శాల వాళ్లంతా చప్పట్లు కొట్టారు. చదువు రాని మనిషి కనక వేలిముద్ర కావాల్సి వస్తే, ఎడమచేతి బొటనవేలు పట్టుకుని అద్దించింది నూకరాజు.

"వెనక్కి లాక్కుంది వేణీ. వణుకనుకున్నాను. గట్టిగా పట్టుకుని అద్దాను."

సత్యవేణి మంచం దగ్గరకు వెళ్లింది. "అత్తయ్యా, రేపటి ఆపరేషన్ మీకు ఇష్టమేనా?"

"ఆవిడ రానీ. అడగాల్సినవాళ్లు అడిగితే చెప్తాను. మీ మొహాలకి కాదు" అంది బుల్లెమ్మ. "ఇప్పుడు ఉప్పేసి ఇంకో గ్లాసు జావ పట్రా."

ఆ మధ్యాహ్నం సత్యవేణికి ఇంకో సంగతి తట్టింది, అన్నం సహించకుండా చేసింది. పట్టీ తీసుకున్న కుటుంబాలన్నిటికీ వాట్సాప్‌లో ఒక గ్రూపుంది. అందులో లినక్స్ తెలిసిన ఏకైక మనిషి తనే. కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్ త్వరగా ఆగిపోతోందని ఎవరో బాధపడితే, బ్యాటరీ ఎక్కువసేపు రావడానికి ఆ వరస ఎలా రాయాలో అందరికీ అర్థమయ్యేలా పెట్టింది. ఇరవై ఎనిమిది ఇళ్ల నుంచీ ఇరవై ఎనిమిది బొటనవేళ్లు లేచాయి.

సోమవారం పదకొండింటికి డాక్టర్ మృణాళిని వచ్చింది. నలభై దాటని మనిషి, మాటల్లో మర్యాద, నడకలో తొందర. పట్టీ ఆవిడ మూడేళ్ల కష్టం. వ్యాన్ వీధిలో ఆపి, ఇద్దరు సహాయకుల్ని బయటే ఉంచి లోపలికి అడుగుపెట్టగానే, "బుల్లెమ్మగారూ, రెడీయేనా?" అంది.

సత్యవేణి ఆవిణ్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, లాప్‌టాప్ తెరిచి చిట్టా చూపించింది. పొదుపు వరస సంగతి, దాన్ని గ్రూపులో అందరికీ నేర్పిన సంగతి చెప్పింది. పుస్తకం సంగతీ చెప్పింది. కొట్టేసిన మొదటి మాటతో సహా, ఏదీ దాచలేదు. ల్యాబులో ఫ్యూజు ఎక్కడ పోయిందో చెప్పినంత స్పష్టంగా చెప్పింది.

మృణాళిని ఆ అంకెల్ని పైకీ కిందకీ జరిపి చూసింది. "మీ ఒక్కరి తప్పు కాదండి" అంది చివరికి. "పూరించిన మాట పలికేటప్పుడు ఏదో ఒక గుర్తు వినపడేలా పెట్టాల్సింది. మొదట పెట్టాం కూడా. వినేవాళ్లకు అడ్డంగా ఉందని తీసేశాం."

"వినేవాళ్లకి" అంది స్పీకరు.

మృణాళిని ఉలిక్కిపడి మంచం వైపు తిరిగింది. ఈ ధోరణి ఆవిడ ఎప్పుడూ వినలేదు.

"డాక్టరమ్మా, నువ్వు నన్నేదో అడగాలి. అడుగు."

మృణాళిని కుర్చీ దగ్గరకు జరుపుకుంది. కెమెరా తియ్యలేదు. "బుల్లెమ్మగారూ, ఈ తీగల్ని మీ మెడలోపల పెట్టడానికి ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోను."

"నొప్పి ఉండదండి. మాట ఇంకా..."

"నొప్పికి కాదు. ముప్పై ఎనిమిదేళ్లు పొయ్యి దగ్గర కాల్చుకున్న చేతులు నావి. ఇది బయట ఉంటే నా చెయ్యి అందుతుంది. నా మాట కానిది పలికితే పీకి పారేస్తాను. ఈ పద్నాలుగు నెలల్లో నేను ఆడిన నిజమంటూ ఉంటే అదొక్కటే, దీన్ని పీకి పారెయ్యడం. లోపల పెట్టి కుట్టేస్తే ఇంకేం పీకను?"

మృణాళిని తల దించుకుంది. మెల్లగా, "రెండో దశకు రానివాళ్లు పట్టీ తిరిగి ఇచ్చెయ్యాలని షరతు ఉందండి. అది మీరు సంతకం... వేలిముద్ర వేసిన దాంట్లోనే ఉంది" అంది.

నూకరాజు లేచి నిలబడ్డాడు. "ఆ వేలిముద్ర మా అమ్మ వెయ్యలేదు. నేను వేయించాను. వెయ్యనని చెయ్యి లాక్కుంటే పట్టుకుని అద్దాను. ఎవరితోనైనా చెప్తాను, కాగితం మీద రాసిస్తాను. ఆ పట్టీ మాత్రం మా అమ్మ మెడ మీంచి మీరు తియ్యడానికి వీల్లేదు."

"మధ్యలో నువ్వెందుకురా గుమ్మటంలా లేచావు? కూర్చో" అంది బుల్లెమ్మ. కానీ ఎడమచెయ్యి చాపి కొడుకు చొక్కా అంచు పట్టుకుంది, వదల్లేదు. "డాక్టరమ్మా, తీసుకెళ్లాలంటే తీసుకెళ్లు. నేను నోరు మూసుకుని బతికినదాన్నే. కానీ తీసుకెళ్లేముందు ఇది చెప్పు. నాది ఒక్కదానిదే కాదంట కదా. ఇంకా ఇరవై ఎనిమిది మంది ఉన్నారంట."

"ఉన్నారండి."

"వాళ్లలో ఎంతమంది ఒప్పుకున్నారు కోతకి?"

"ఇరవై ముగ్గురు." ఆ అంకె బయటికి వచ్చాక గానీ మృణాళినికి దాని బరువు తెలిసినట్టు లేదు. గ్లాసు కింద పెట్టేసింది. "నేనిది రాసి పైకి పంపితే అంతా ఆగిపోతుంది బుల్లెమ్మగారూ. మూడేళ్ల పని. మళ్లీ మొదలుపెట్టనిస్తారో లేదో."

"ఆగనీ. మా మెస్‌లో అన్నం మాడితే గిన్నె దించి మళ్లీ ఎసరు పెట్టేదాన్ని. మాడిందని తెలిసీ వడ్డించలేదు ఏనాడూ."

మృణాళిని వీధిలోకి వెళ్లి వ్యాన్‌ను ఖాళీగా పంపించేసింది. తిరిగొచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని తన లాప్‌టాప్ తీసి రాయడం మొదలుపెట్టింది. విచారణ పూర్తయ్యేదాకా ఏ ఆపరేషనూ జరగదు, పట్టీలు ఎక్కడివక్కడే ఉంటాయి అన్నది మొదటి వాక్యం. రాస్తూనే, "సత్యవేణిగారూ, ఆ వరస అందరికీ నేర్పింది మీరే కనక తియ్యడం కూడా మీరే చెప్పాలి. మెసేజ్ వద్దు, ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యండి. మెసేజైతే చదివి ఊరుకుంటారు" అంది.

సత్యవేణికీ అదే మంచిదనిపించింది. జాబితాలో మొదటి పేరు రాజోలు దగ్గర ఒక ఇంటిది. ఆరేళ్ల కిందట బస్సు ప్రమాదంలో గొంతు పోయిన స్కూలు మాస్టారికి పట్టీ ఉంది. ఆయన భార్య ఫోన్ ఎత్తింది. సత్యవేణి స్పీకర్ నొక్కి సంగతంతా నిదానంగా చెప్పింది.

"ఆయ్, అర్థమైందండి. కానీ మాకు ఇప్పుడు బాగానే ఉందండి" అంది ఆ ఇల్లాలు. "మాస్టారు ఇదివరకటి మనిషి కాదండి, చాలా నెమ్మదైపోయారు. ఎంతో బాగా మాట్లాడతన్నారు. ఉన్నదాన్ని కెలుక్కోడం ఎందుకండీ?"

సత్యవేణి దగ్గర జవాబు ఉంది. కార్డు, వరస, అంకెలు అన్నీ ఉన్నాయి. అవేవీ నోటికి రాలేదు. నిన్న ఇదే గదిలో తన మొగుడు అన్నదీ ఇదే కదా.

మంచం మీంచి బుల్లెమ్మ ఎడమచెయ్యి ఊపింది, ఇలా తెమ్మని. సత్యవేణి ఫోన్ తీసుకెళ్లి లాప్‌టాప్ పక్కన పెట్టింది.

"అమ్మాయ్, నేను బుల్లెమ్మని. నాకూ మీ ఆయనకున్న పట్టీయే. నెమ్మదైపోయాడన్నావు. చేతులతో ఏం చేస్తుంటాడు?"

"చేతులంటే... ఏం లేదండి. ఇదివరకు ఊరికే పట్టీ లాగేసుకునేవారండి. ఖరీదైన వస్తువు కదాని, రెండు చేతులూ మెత్తటి గుడ్డతో కుర్చీకి కట్టేస్తన్నాం. దెబ్బ తగలకుండా వదులుగానే కడతన్నాం అండి. అప్పట్నించీ గొడవ లేదు."

డైనింగ్ టేబుల్ దగ్గర మృణాళిని రాయడం ఆపేసింది. నూకరాజు తల్లి వేలు పట్టి అద్దిన తన చేతి వైపు చూసుకున్నాడు.

"ఇప్పుడు కూడా కట్టే ఉన్నాయా?"

"ఆయ్, ఉన్నాయండి."

"కంప్యూటరు సంగతి తర్వాత, మా కోడలు చెప్తుంది, బాగా చెప్తుంది" అంది బుల్లెమ్మ. "నువ్వు ముందెళ్లి ఆ గుడ్డలు విప్పు. ఫోను పెట్టెయ్యకు. నేను వింటూ ఉంటాను."